నామం సుద్ద తిన్న నరసమ్మ

నరసమ్మ గురించి సెప్పమంటే ముందు నా తప్పు సెప్పాల. అది దాసిపెట్టి దాని కథ సెప్పినాననుకోండి, నా అంత దొంగది ఇంకోర్తి ఉండదు. వినీవోళ్ళు నన్ను తిట్టుకుంటే తిట్టుకోండి గాని, నడిమధ్యలో మాత్రం లేసిపోకండి.

నా పేరు కూర్మమ్మ. మలేసియాలో హుటాన్ మెలింటాంగ్ అనే ఊళ్ళో మా రామమందిరం తాళాలు ఇరవై రెండేళ్ళుగా నా బొడ్లోనే ఉన్నాయి. మా ఆయన పోయినాక మందిరమే నా సంసారం అయిపోనాది. తుడవడం, కడగడం, దీపం పెట్టడం, శనివారం భజనకి వచ్చినోళ్ళకి పులిహోర కలపడం, ఎవరు లోనికి రావాల, ఎవరు గడప బయట నిలబడాల, అన్నీ నానే. మైల అంటే నాకు ఒళ్ళుమంట. అందరూ మూడు రోజులంటే నా లెక్క అయిదు రోజులు. ఆ అయిదు రోజులూ ఆడది గడప తొక్కకూడదు. "ఈ కాలంలో ఏటి లా ఇది" అని పిల్లలు గొణిగితే, "నీ కాలం నీ ఇంట్లో పెట్టుకో" అనీదాన్ని. మందిరానికి వచ్చీ ఆడోళ్ళలో ఎవరి రోజులు ఎప్పుడో నాకు నోటికొచ్చు. అదో పెద్ద గొప్ప అనుకునీదాన్ని.

నరసమ్మ నాకు తోడికోడలు. నా మరిది అప్పడి పెళ్ళాం. అప్పడు సేపల పడవ మీద పోతాడు, వారానికో పది రోజులకో ఇంటికొస్తాడు. ఇది జెట్టీ పక్కన షెడ్డులో రొయ్యలు ఒలుస్తాది. పుట్టింది బటాంగ్ బెర్జుంటై దగ్గర ఎస్టేట్‌లో. తెల్లారకముందే తల్లి ఎనక పోయి రబ్బరు పాలు మోసి, తరవాత బడికి ఎళ్ళిన పిల్ల. అక్కడే వాళ్ళమ్మమ్మ దగ్గర భజన పాటలు నేర్సినాది. పుస్తకం లేదు, కాగితం లేదు, ఏభై అరవై పాటలు నోటికే. మా పిల్లలకి తెలుగు వింటే తెలుస్తాది గాని మాటాడాలంటే నోరు తిరగదు. తమిళంలోకి దిగిపోతారు. అంచేత పాట ఎత్తుకోవాలంటే నరసమ్మే ఎత్తుకోవాల. అది ముందు పాడితే మిగతావోళ్ళు ఎనకాల పాడీవోరు. వారమంతా అయిసులో సేతులు పెట్టి రొయ్యలు ఒలిసీ మనిషికి ఉన్న పరువంతా ఆ శనివారం సాయంత్రమే. నన్ను 'అప్పా' అని పిలుస్తాది, మన పాతోళ్ళు అక్కని పిలిసినట్టు. ఆ పిలుపు వింటే పిల్లలకి నవ్వు, వాళ్ళ తమిళంలో అప్పా అంటే తండ్రి గదా.

అయిదేళ్ళ కిందట అది మారిపోవడం మొదలెట్టినాది. మందిరానికి నాలుగే మెట్లు. ఆ నాలుగు ఎక్కి స్తంభం పట్టుకుని రొప్పీది. పాట మధ్యలో ఊపిరి అందక ఆగిపోయీది. మొహం పాలిపోయి, పెదాలు తెల్లబడి, జుట్టు రాలిపోయి జడ పిలకలాగ అయిపోనాది. పులిహోర డేగిసా ఓ పక్క పట్టవే అంటే సేతులు వణికీవి. "గుండె దడదడ కొట్టుకుంటంది అప్పా" అనీది. నానేటన్నాను? "కూకుని రొయ్యలు ఒలిసీదానికి దడేటే? ఒళ్ళు వంగక వేషాలు" అన్నాను. నలుగురి ముందూ అన్నాను. అది నవ్వి ఊరుకునీది. నవ్వితే నాకింకా మండీది.

అలా మూడేళ్ళు పోయినాక నామం సుద్ద తగ్గిపోవడం మొదలైనాది. తిరుపతి ఎళ్ళొచ్చినోళ్ళు తెల్లసుద్ద ముక్కలు తెచ్చిస్తారు, నాను రేకు డబ్బాలో పోసి బీరువాలో పెడతాను. భజనకి ముందు ఓ ముక్క నీళ్ళలో అరగదీసి మగాళ్ళకీ పిల్లలకీ నామాలు దిద్దుతాం. ఆ అరగదీసీ పని నరసమ్మదే. ఏడాదికి సరిపోయీ డబ్బా మూడు నెలలకే అడుగు కనబడినాది. ముందు ఎలకలనుకున్నాను. బోను పెట్టినాను. ఎలక పడినాది గాని సుద్ద తగ్గడం ఆగలేదు. మా కమిటీలో రవిచంద్రన్ అని ఒకాయన, "ఎవరో సేతబడికి పట్టుకెళ్తన్నారు, కెమేరా పెడదాం" అన్నాడు. సేతబడి అనీసరికి నా గుండెల్లో రాయి పడ్డాది. కెమేరా ఎందుకు, నా కళ్ళు లేవా అని, ఆ శనివారం అందరికన్నా ముందొచ్చి దేవుడి తెర ఎనకాల నక్కి కూసున్నాను. ఈ వయసులో నాకదేం పనో సూడండి.

నరసమ్మ వచ్చినాది. పళ్ళెం తీసినాది, నీళ్ళు సిలకరించినాది. తడి తగిలిన సుద్ద వాసన నా దాకా వచ్చినాది, ఎండిన నేల మీద తొలి వాన పడినప్పటి వాసన. అది కళ్ళు మూసుకుని ఆ వాసన పీల్సినాది. పీల్సి, గబుక్కున ఓ ముక్క నోట్లో ఏసుకుని కరకరా నమిలినాది. ఇంకోటి. ఇంకోటి. కళ్ళంట నీళ్ళు కారతన్నాయి, నములుతానే ఉన్నాది.

నాకేటి తోచిందో తెలుసా? జాలి కాదు. దొంగ దొరికినాది అనుకున్నాను. అప్పటికి జనం వస్తన్నారు. సెయ్యి పట్టుకుని బరబరా మండపంలోకి ఈడ్సుకొచ్చి, "తెరవే నోరు!" అన్నాను. అది తల అడ్డంగా ఆడించినాది. దవడ పట్టుకుని తెరిపించినాను. నాలుక సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాది. "సూడండ్రా, దేవుడి నామాన్ని తినేస్తన్నాది! తిండి లేకనేటే, బుద్ధి లేకనేటే?" అని అరిసినాను. కొందరు ఛీ అన్నారు, కొందరు నవ్వినారు. దాని కూతురు మోగన భజన తాళాలు పట్టుకుని అక్కడే ఉన్నాది. పదిహేనేళ్ళ పిల్ల. తాళాలు సప్పుడు కాకుండా నేల మీద పెట్టి, తల వంచుకుని బయటికెళ్ళిపోనాది.

నరసమ్మ నా సేతిలోంచి దవడ విడిపించుకున్నాది. పైట కొంగుతో నోరు తుడుసుకుని ఎళ్ళిపోనాది. ఇక నువ్వు గడప తొక్కక్కర్లేదని ఎనక నుంచి కేకేసినాను. ఆ వారం పాట ఎత్తుకునీవోళ్ళు లేక ఫోన్లో పాట పెట్టినాం.

అయిదు నెలలు అలాగే గడిసినాయి. ఫోన్లో పాటకి ఎనకాల పాడీవోళ్ళు ఎవరూ లేరు, పిల్లలు రావడం మానేసినారు. మరిది అప్పడొచ్చి, "తప్పు సేసినాది వదినా, క్షమించు. పాట లేక ఇంట్లో పిచ్చిదాన్లాగ గోడకేసి కూకుంటన్నాది" అని బతిమాలినాడు. నాకూ లోపల గుచ్చుకుంటానే ఉన్నాది గాని, ఊరికే రానిస్తే నా మాటకి ఇలువేటి? అప్పుడే శ్రీరామనవమికి మందిరంలో రక్తదానం పెట్టినారు. ఆసుపత్రోళ్ళు వచ్చి రోజంతా తీసుకుంటారు. నాకు బెమ్మాండమైన ఆలోచన వచ్చినాది. "ఆ రోజొచ్చి అందరి ముందూ రక్తం ఇమ్మను. సేసిన పాపం కడుక్కున్నట్టు అవుతాది. ఇస్తే పై శనివారం నుంచి పాట మళ్ళీ దానిదే" అన్నాను. ఎంత దర్జాగా అన్నానో. ఇప్పుడు తలుసుకుంటే తల కొట్టేసినట్టు ఉంటాది.

వచ్చినాది. అయిదు నెలల్లో సగం అయిపోనాది మనిషి. కాళ్ళు ఈడ్సుకుంటా వచ్చి నా దగ్గర నిలబడి మెల్లగా, "బాగా నీరసంగా ఉంది అప్పా, ఇంకో రోజు ఇస్తాను" అన్నాది. "సూది అంటే భయమని సెప్పు, నీరసమనకు" అన్నాను. ఎళ్ళి వరసలో నిలబడ్డాది.

రుబిని అని తమిళ పిల్ల, మిస్సి, అంటే నర్సు. నరసమ్మ ఏలు పొడిసి ఓ బొట్టు రక్తం తీసి నీలం నీళ్ళ సీసాలో ఏసినాది. రక్తంలో బలం ఉంటే బొట్టు మునుగుతాదంట. దాని కన్నా ముందు ఇచ్చినోళ్ళందరి బొట్టూ టపీమని అడుక్కి పోనాది, నాను సూస్తానే ఉన్నాను. నరసమ్మ బొట్టు మాత్రం పైనే తేలతా నిలబడిపోనాది. రంగు కూడా ఎరుపు కాదు, పలచగా ఉన్నాది. నా పాడు నోరు ఊరుకుంటాదా! "సూసినారా, దేవుడి సొమ్ము తిన్న రక్తం మునగనైనా మునగదు" అనేసినాను.

రుబిని తలెత్తి నా కేసి ఒక్క సూపు సూసినాది. మళ్ళీ ఇంకో ఏలు పొడిసి సిన్న మెషిన్లో పెట్టినాది. అంకె సూసి దాని మొహం మారిపోనాది. నరసమ్మ కింద రెప్ప లాగి సూసినాది, లోపల ఎరుపే లేదు, కాగితంలాగ ఉన్నాది. గోళ్ళు సూసినాది. గోళ్ళు మధ్యలో గుంటపడి, అంచులు పైకి లేసి ఉన్నాయి. అప్పుడు తమిళంలో అడిగినాది, "అక్కా, అయిసు ముక్కలు నమలాలనిపిస్తందా? పచ్చిబియ్యం? మట్టి, సుద్ద అలాంటివి?"

ఎవరూ నరసమ్మని సూడలేదు. అందరూ నన్నే సూసినారు.

నరసమ్మ తల దించుకుని, "షెడ్డులో అయిసు తింటాను. ఇంట్లో బియ్యం తింటాను. ఇక్కడ..." అని ఆగిపోనాది. మిగతాది నానే సెప్పాల. బొడ్లో తాళాలు సర్దుకుంటా నిలబడ్డాను.

రుబిని అందరికీ వినబడేటట్టే సెప్పినాది. ఒంట్లో ఇనుము అయిపోతే రక్తం ఎర్రగా కట్టదంట. మనం పీల్సిన గాలిని కాళ్ళకీ సేతులకీ తలకీ మోసీది ఆ ఎరుపే. మోసీది తగ్గిపోతే గుండె ఒక్కటే పరిగెత్తాల, అందుకే దడ, అందుకే ఆయాసం, అందుకే మెట్టెక్కితే కళ్ళు తిరగడం. అలాంటోళ్ళలో కొందరికి మట్టి మీదా అయిసు మీదా ఆపుకోలేనంత యావ పుడతాది. "అది దొంగబుద్ధి కాదు మామ్మా, జబ్బు" అన్నాది నా మొహం మీదే. పైగా ఆ సుద్ద తింటే తిన్న కూట్లో ఉన్న కాస్త ఇనుము కూడా ఒంటికి పట్టకుండా పోతాదంట. "హిమోగ్లోబిన్ పన్నెండున్నర ఉంటేనే మేము రక్తం తీసుకుంటాం. ఈవిడకి ఆరు కూడా లేదు. ఈవిడ రక్తం ఇవ్వడం కాదు, ఇప్పుడే ఆసుపత్రికి ఎళ్ళాల. ఇన్నాళ్ళు ఎలా నడిసినాది, ఇంట్లో ఎవరూ సూడలేదా?" అని అడిగినాది. ఆ ఇంట్లో ఎవరూ అంటే నానే. భూమి సీలిపోతే బాగుండు అనిపించినాది.

అప్పడు పడవ మీద ఉన్నాడు. నానే కారు మాటాడి తెలుక్ ఇంటాన్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళినాను. దారంతా అది కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నాది. ఒక్కసారే కళ్ళు తెరిసి, "రక్తం ఇవ్వలేకపోనాను అప్పా" అన్నాది. పడుకోవే అన్నాను.

డాక్టరమ్మ మలాయి పిల్ల, నెమ్మదైనది. మంచం పక్కన కూసుని మలాయి భాషలోనే అన్నీ అడిగినాది. ఏటి తింటావు, టీ ఎన్నిసార్లు తాగుతావు, ఇరోసనం నల్లగా అవుతందా, పైల్స్ ఉన్నాయా. ఆఖరికి, "నెలసరి ఎన్నాళ్ళు? ఎక్కువ పోతాదా?" అన్నాది. నరసమ్మ డాక్టరమ్మ కేసి సూడలేదు. నా కేసి సూసినాది.

"మూడు రోజులే, మామూలే" అన్నాది.

"అయితే రక్తం ఎక్కడికి పోతంది? కడుపులో ఎక్కడో కారతండాల. నోట్లోంచి గొట్టం ఏసి సూడాల, కింద నుంచీ సూడాల" అన్నాది డాక్టరమ్మ. నాను కూడా మంచిదానిలాగ, "అవునమ్మా, దానికి మూడు రోజులే. నాకు తెలుసు, అందరి లెక్కా నా దగ్గర ఉంటాది" అన్నాను. డాక్టరమ్మ నన్నోసారి, దాన్నోసారి సూసినాది. సూసి, "పెద్దమ్మా, మీరు కాసేపు బయట కూసోండి" అన్నాది.

బయటంటే ఏటి, మధ్యలో ఓ గుడ్డ తెర. నరసమ్మ గొంతు సన్నగా వినబడినాది.

"పదిహేను రోజులు డాక్టర్. ఒక్కో నెల పద్దెనిమిది. గడ్డలు గడ్డలుగా పోతాది. నాలుగేళ్ళయినాది."

"ఇందాక మూడన్నావేం?"

"ఆవిడ మా ఇంటి పెద్దావిడ. గుడి తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయి. తెలిస్తే నన్ను లోనికి రానివ్వదు. నెలకి నాలుగు శనివారాలు, డాక్టర్. ఇలా పోతే నాకు ఒకటో రెండో మిగులుతాయి." కాస్త ఆగి మళ్ళీ అన్నాది, "ఇప్పటికీ సెప్పకండి. రక్తం ఇస్తే మళ్ళీ పాడనిస్తానన్నాది."

తెర ఇవతల కూసుని నాను అంతా విన్నాను. ఇరవై రెండేళ్ళు ఆడోళ్ళ రోజులు లెక్కకట్టిన మనిషిని. నరసమ్మ సెప్పీ రోజులు ఎప్పుడూ ఆదివారమే మొదలయ్యీవి, శనివారానికి ఎప్పుడూ శుభ్రమే. ఏ ఆడదానికైనా నెల తప్పకుండా అలా కుదురుతాదా? నాకెందుకు తట్టలేదు? వానొచ్చినా ఎండొచ్చినా నల్లసీరే కట్టుకొచ్చీది. సాప మీద కూసోమంటే నిలబడే పాడీది. కాళ్ళు లాగుతా, కళ్ళు తిరగతా, కింద కారిపోతా, నా ముందే నిలబడి పాడినాది. నాకు దొరికిపోతానని భయపడి డాక్టరు దగ్గరికి ఎళ్ళలేదు. జబ్బు దానికి గర్భసంచి గడ్డల వల్ల వచ్చినాదని తరవాత స్కానింగులో తేలినాది. కానీ నాలుగేళ్ళు ఆ జబ్బుని పెంచి పోషించింది మాత్రం నానే.

తరవాత సంగతి ముందే సెప్పేస్తాను, మీకు బెంగ ఒద్దు. గడ్డలు తీసినారు. ఇనుము మాత్రలు నెలల తరబడి మింగినాది. మాత్రలతో ఇరోసనం నల్లబడితే కంగారు పడొద్దన్నారు. అన్నంతోటి టీ మానెయ్యమన్నారు, మాత్రకి నారింజో జామో తోడు తినమన్నారు. సుద్ద మీద యావ దానంతటదే పోనాది. రక్తం ఇప్పుడు పన్నెండు దాటినాది. ఇదంతా అయినాక నన్ను మంచిదాన్ని అన్నోళ్ళు ఉన్నారు, ఆసుపత్రికి తీసుకెళ్ళి బతికించినాదని. అలా అన్నప్పుడల్లా సిగ్గుతో సచ్చిపోతాను. వాళ్ళకి ఆ సాయంత్రం వార్డులో జరిగింది తెల్దు.

ఆ సాయంత్రం దానికి రక్తం ఎక్కిస్తన్నారు. పైన సంచి, కింద గొట్టం, సుక్కసుక్కగా దిగతంది. నాను మంచం పక్కన కూసున్నాను. తప్పైపోనాదే అనడానికి రెండు గంటల నుంచి ధైర్యం కూడగట్టుకుంటన్నాను. నానింకా అనకుండానే అది నా సెయ్యి పట్టుకున్నాది.

"నన్ను క్షమించు అప్పా. దేవుడి సుద్ద తిన్నాను, నీ పరువు తీసినాను" అన్నాది.

అది నన్ను అడగడం! నా కళ్ళంట నీళ్ళు ఆగలేదు. "నువ్వు క్షమించవే నన్ను. మిస్సి సెప్పినాది గదా, అది జబ్బే, నీ తప్పు కాదే" అని ఏడిసినాను. అది తలూపినాది గాని నమ్మినట్టు లేదు. కాసేపు ఆ సంచి కేసే సూసి, భయం భయంగా అడిగినాది.

"రక్తం ఇస్తే రానిస్తానన్నావు. ఇవ్వలేదు గదా, ఎదురు ఎక్కించుకుంటన్నాను. ఎవరిదో, ఏ కులమోళ్ళదో, ఏ మతమోళ్ళదో. నన్ను లోనికి రానిస్తావా అప్పా?"

ఆరు కూడా లేని రక్తంతో, సావు అంచున పడుకుని, అది నన్నడిగింది ఇదీ. "వస్తావే! ఎవరిదైతే ఏటి, నిన్ను బతికించిన రక్తం. ప్రతి శనివారం నువ్వే పాడతావు" అన్నాను. దాని మొహంలో కాస్త ఎలుగు వచ్చినాది. నా సెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాది.

"ఆ రోజుల్లో కూడానా?"

నాను ఎంటనే అవునని అనలేదు. అంతా విన్నాక, అంతా సూసినాక, అంత ఏడిసినాక కూడా నా నోరు పెగల్లేదు. ఎంతసేపో కాదు, రెండు మూడు సుక్కలు దిగినంత సేపు. తరవాత, "ఆ రోజుల్లో కూడా రావే" అన్నాను. మనసారానే అన్నాను. కానీ నాను ఆగిన ఆ కాసేపూ అది నా మొహం కేసే సూస్తా ఉన్నాది. సూసి, మెల్లగా నా సెయ్యి వదిలేసి, "సరే అప్పా" అని అటు తిరిగి పడుకున్నాది.